జ్మనీమ్ అలారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

యూదుల ప్రార్థనలకు, ఉపవాసాలకు, షబ్బాత్‌కు (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఉండే విశ్రాంతి దినానికి) రోజువారీ వేళలు కొన్ని ఉన్నాయి. వాటిని జ్మనీమ్ అంటారు. అవి గడియారాన్ని కాక సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తాయి కాబట్టి ఏ రోజు లెక్క ఆ రోజుదే. ఆ వేళలకు మోగే ఫోన్ అలారం యాప్‌ల గురించి ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా ఉన్న తెలుగువాళ్లు, అలాంటి యాప్‌లు రాస్తున్న ప్రోగ్రామర్లు అడిగిన ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: జెరూసలేంలో ఎనభై దాటిన ఒక పెద్దాయనను చూసుకుంటున్నాను. పొద్దున షెమా (ఒక యూదు ప్రార్థన) చదివే గడువు దాటకముందే లేపమంటారు. వాళ్ల మనవడు నా ఫోన్‌లో యాప్ వేసి ఇచ్చాడు. ఈ జూన్‌లో అందులో షెమా గడువు రెండు చోట్ల కనిపిస్తోంది. ఒకటి 8:31, ఇంకోటి 9:07. ఏది పెట్టుకోవాలి?

జవాబు: రెండూ సరైన లెక్కలే. వేరు వేరు రబ్బీల (యూదు మతగురువుల) అభిప్రాయాలు, అంతే.

రాహుకాలం కట్టడానికి పగటిని ఎనిమిది భాగాలు చేస్తారు కదా, ఇక్కడ పన్నెండు భాగాలు చేస్తారు. ఒక్కో భాగం ఒక 'షాఅ జ్మనీత్', అంటే ఆ రోజుటి గంట. జెరూసలేంలో జూన్ చివర పగలు దాదాపు 14 గంటల 14 నిమిషాలు ఉంటుంది కాబట్టి ఆ గంట 71 నిమిషాలు. డిసెంబరు చివర పగలు 10 గంటలకు కాస్త పైన, అప్పుడు గంట 50 నిమిషాలే. షెమా గడువు మూడో గంట చివరికి ముగుస్తుంది. ఇంతవరకు తగాదా లేదు.

తగాదా అంతా పగలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న దగ్గరే. 18వ శతాబ్దపు విల్నా గావోన్ (యాప్‌లో 'గ్రా' అని ఉంటుంది) సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా లెక్కించమన్నారు. 17వ శతాబ్దపు మగెన్ అవ్రాహమ్ లెక్క తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా. వాడుకలో ఇటు 72 నిమిషాలు, అటు 72 నిమిషాలు కలుపుతారు. మీ యాప్‌లో సూర్యోదయం 5:34, అస్తమయం 19:48 అని ఉండి ఉంటుంది. గ్రా లెక్కన మూడు గంటలంటే 213 నిమిషాల చిల్లర, గడువు 9:07. మగెన్ అవ్రాహమ్ లెక్కన పగలు 4:22 నుంచి 21:00 దాకా, గంట 83 నిమిషాలు, గడువు 8:31.

ఈ రెంటికీ తేడా 36 నిమిషాలు. వేసవైనా చలికాలమైనా అంతే, 72 నిమిషాల పద్ధతిలో అది మారదు. ప్రార్థన గడువు (నాలుగో గంట చివర) దగ్గర తేడా ఎప్పుడూ 24 నిమిషాలు. మీ యాప్‌లో ఈ అంకెలు ఇలా రాకపోతే అది వేరే పద్ధతిలో లెక్కిస్తోందన్నమాట. తప్పనడానికి లేదు గానీ, ఏ పద్ధతో సెట్టింగ్స్‌లో చూసుకోవాలి.

ఏది పెట్టాలో మీరు తేల్చకండి. పెద్దాయననో, మనవణ్ణో ఒక్కసారి అడగండి: 'గ్రానా, మగెన్ అవ్రాహమా?' మాట అర్థమయ్యేలోపే జవాబు వస్తుంది. అడిగే వీలు లేకపోతే ముందు వచ్చేదే పెట్టండి, దానితో ఎవరికీ నష్టం లేదు. ఇంకొక మాట. 8:31కి అలారం పెడితే అది మోగేసరికి గడువు అయిపోయినట్టే. లేచి, చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని కూర్చోవడానికి ఆయనకు 40 నిమిషాలు పడుతుందనుకుంటే 'ఎంత ముందు' అన్న చోట 55 వేయండి.

ప్రశ్న: తెల్లవారుజాముకు (అలోత్) మా యాప్‌లో 72 నిమిషాలు, 90 నిమిషాలు, 16.1 డిగ్రీలు, 19.8 డిగ్రీలు అని నాలుగు ఎంపికలున్నాయి. వీటికి సంబంధం ఏమిటి? లండన్‌లో ఉన్న మావాళ్ల ఫోన్‌లో జూన్‌లో ఆ గడి ఖాళీగా వస్తోంది.

జవాబు: తెల్లవారుజాముకూ సూర్యోదయానికీ మధ్య నాలుగు 'మీల్' దూరం నడిచేంత సమయం ఉంటుందని లెక్క. మీల్‌కు 18 నిమిషాలంటే 72, ఇరవై రెండున్నర అంటే 90. ఇది నిమిషాల పద్ధతి.

డిగ్రీల పద్ధతిలో అడిగేది వేరు: సూర్యుడు దిగంతానికి ఎంత కింద ఉన్నాడని. జెరూసలేంలో పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు రోజుల్లో సూర్యోదయానికి 72 నిమిషాల ముందు సూర్యుడు 16.1 డిగ్రీల కింద ఉంటాడు. 90 నిమిషాల ముందైతే 19.8. ఆ కోణాన్నే మిగతా రోజులకు, మిగతా ఊళ్లకు వాడతారు. కాబట్టి అదే జెరూసలేంలో 16.1 డిగ్రీల అలోత్ జూన్ చివర దాదాపు 88 నిమిషాల ముందు వస్తుంది, డిసెంబరులో 78 నిమిషాల ముందు. ఉపవాసం రోజు తెల్లవారుజామున ఏదైనా తిని పడుకోవాలనుకునేవాళ్లకు 72కూ 88కీ మధ్య ఉన్న ఈ పదహారు నిమిషాలు చిన్న విషయం కాదు. జూన్, జులైల్లో వచ్చే 17 తమ్ముజ్ ఉపవాసం దగ్గరే ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది.

లండన్ సంగతి సూటిగా జ్యామితి. అక్కడ జూన్ నడిరాత్రి కూడా సూర్యుడు 15 డిగ్రీలకు కాస్త కిందికి దిగుతాడంతే. 16.1 చేరనే చేరడు. లేని క్షణానికి యాప్ వేళ ఎక్కడి నుంచి తెస్తుంది? ఖాళీ గడి చూపించడమే నిజాయితీ. ఆ రోజుల్లో నిమిషాల పద్ధతికి మారడమా, ఇంకేదైనానా అన్నది వాళ్ల రబ్బీ చెప్పాలి. ఖాళీ గడి వచ్చిన రోజు అలారం మోగదని మాత్రం గుర్తుంచుకోండి. కొన్ని యాప్‌లు ఆ సంగతి చెప్పకుండా ఊరుకుంటాయి.

ప్రశ్న: తెల్ అవీవ్‌లో ఉంటున్నాను. ఒకే ఫోన్‌లో ఒక్కో రోజు అన్ని వేళలూ పావుగంట ఆలస్యంగా చూపిస్తాయి, మర్నాటికి మామూలవుతాయి. ఇంకో యాప్‌తో పోలిస్తే సూర్యోదయంలోనే 4 నిమిషాల తేడా ఉంది.

జవాబు: ఇవి రెండు వేరు జబ్బులు.

పావుగంట తేడా జీపీఎస్ వల్ల. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్‌లో జీపీఎస్ సంకేతాలను చెదరగొట్టడం, తప్పుదోవ పట్టించడం పెరిగింది. తెల్ అవీవ్‌లో ఉన్న ఫోన్ తాను బేరూత్‌లోనో, కైరో విమానాశ్రయంలోనో ఉన్నానని అనుకోవడం అక్కడివాళ్లకు తెలిసిన విషయమే. రేఖాంశం ఒక డిగ్రీ పడమరకు జరిగితే సూర్యుడు 4 నిమిషాలు ఆలస్యం. తెల్ అవీవ్ 34.8 డిగ్రీల దగ్గర, కైరో విమానాశ్రయం 31.4 దగ్గర ఉన్నాయి. తేడా 3.4 డిగ్రీలు, అంటే పదమూడున్నర నిమిషాలు. మీరు చెప్పిన పావుగంట ఇదే. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. లొకేషన్‌ను బట్టి టైమ్‌జోన్ తీసుకునే యాప్ అయితే మార్చి చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా ఏకంగా గంట తప్పుతుంది. ఇజ్రాయెల్ మార్చి చివరి ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది, ఈజిప్టు ఏప్రిల్ చివరి శుక్రవారం జరుపుతుంది.

మందు తేలిక. యాప్‌లో ఆటోమేటిక్ లొకేషన్ ఆపేసి ఊరిపేరు చేత్తో ఎంచుకోండి. రోజూ తిరిగేది ఆ చుట్టుపక్కలే అయితే జీపీఎస్‌తో పనే లేదు. తూర్పు పడమరలుగా పాతిక కిలోమీటర్లు వెళ్తేగాని ఒక నిమిషం మారదు.

నాలుగు నిమిషాల తేడా ఎత్తుది. దిగంతం సముద్రమట్టంలో ఉందనుకుని లెక్కించేది ఒక యాప్, కొండమీద నుంచి చూస్తున్నారని లెక్కించేది ఇంకో యాప్. జెరూసలేం 750 మీటర్లకు పైన ఉంది. ఆ ఎత్తుకు సూర్యోదయం సుమారు 4 నిమిషాలు ముందుకొస్తుంది, అస్తమయం అంతే వెనక్కి పోతుంది. తెల్ అవీవ్‌లో ఉన్న మీకు ఎత్తు సర్దుబాటు వల్ల తేడా రానే రాకూడదు, అందుకే ఆ యాప్‌లో ఎత్తు ఎంతని నమోదైందో చూడండి. ఊరు మార్చినప్పుడు పాత ఊరి ఎత్తు అలాగే ఉండిపోవడం సాధారణం. ఒక జాగ్రత్త: ఎత్తు కలిపితే సాయంత్రపు గడువు నాలుగు నిమిషాలు సడలుతుంది. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించే వేళకు సముద్రమట్టపు అస్తమయాన్నే తీసుకునే యాప్ నయం.

ప్రశ్న: ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేళలు సరిగ్గానే చూపిస్తోంది. అలారం మాత్రం ఒక్కోసారి పది నిమిషాలు ఆలస్యంగా మోగుతుంది, ఒక్కోసారి మోగనే మోగదు. పగలు పరీక్షిస్తే బాగానే ఉంటుంది!

జవాబు: పగటి పరీక్షలో పాసై రాత్రి తప్పుతోందంటే లెక్కను వదిలి బ్యాటరీని అనుమానించండి. ఆండ్రాయిడ్ 6.0 నుంచి 'డోజ్' అనే నిద్ర ఉంది. చార్జర్ లేకుండా, స్క్రీన్ ఆరి, కదలకుండా పడి ఉన్న ఫోన్ ఆ నిద్రలోకి జారుకుంటుంది. అందులో మామూలు అలారాలు వాయిదా పడతాయి. చేతిలో పట్టుకునో చార్జింగ్‌లో పెట్టో చేసిన పరీక్షకు అందుకే విలువ లేదు.

ఇలా చేయండి. ముందు సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో 'అలారమ్స్ అండ్ రిమైండర్స్' తెరిచి ఈ యాప్‌కు అనుమతి ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు ఇది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, కొత్త ఫోన్ కొన్న వారంలోనే ఫిర్యాదులు రావడానికి కారణం ఇదే. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు కూడా విడిగా అనుమతి ఇవ్వాలి. తర్వాత యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయండి. ఆపైన శబ్దం: అలారం వాల్యూమ్, మీడియా వాల్యూమ్, రింగ్ వాల్యూమ్ మూడూ వేర్వేరు. కొన్ని జ్మనీమ్ యాప్‌లు అలారం దారిలో కాక నోటిఫికేషన్ దారిలో శబ్దం పంపుతాయి. సైలెంట్‌లో పెట్టగానే అవి మూగబోతాయి. యాప్‌లో 'అలారంలా మోగించు' అన్న ఎంపిక ఉంటే అది ఆన్ చేయండి. అప్పుడు స్క్రీన్ పైన చిన్న గడియారం గుర్తు వస్తుంది. వేరే అలారం ఏదీ పెట్టనప్పుడు ఆ గుర్తు కనిపిస్తే డోజ్ దాన్ని ఆపదు.

రెండు సంగతులు మిగిలాయి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పెట్టిన అలారాలన్నీ చెరిగిపోతాయి, యాప్ వాటిని మళ్లీ రాసుకోవాలి. మీరు ఒకసారి లాక్ తెరిచేదాకా చాలా యాప్‌లకు ఆ పని చేతకాదు. అర్ధరాత్రి అప్‌డేట్ అయి తనంతట తాను రీస్టార్ట్ అయిన ఫోన్ తెల్లారి మోగకపోవడం ఇందువల్లే, అందుకే ఆటో అప్‌డేట్ ఆపేయండి. రెండోది, 'ఫోర్స్ స్టాప్' నొక్కితే ఆ యాప్ మళ్లీ తెరిచేదాకా దాని అలారాలు పోయినట్టే. కొన్ని కంపెనీల ఫోన్లలో రీసెంట్ యాప్‌ల వరుసలోంచి తోసేసినా అదే జరుగుతుంది.

అసలు పరీక్ష రాత్రిపూట. చార్జర్ తీసేసి, టేబుల్ మీద పెట్టి, తెల్లవారి వేళకు ఒకటి, పది నిమిషాల తేడాతో మామూలు క్లాక్ యాప్‌లో ఇంకొకటి పెట్టి పడుకోండి. కొన్ని రాత్రులు రెండూ సమయానికి మోగితే రెండోది తీసేయవచ్చు.

ప్రశ్న: ఐఫోన్‌లోనూ ఇవన్నీ ఉంటాయా?

జవాబు: అక్కడి చిక్కు వేరు. ఐఫోన్‌లో ఒక యాప్ ముందుగా వరుసకట్టి ఉంచగల నోటిఫికేషన్లు 64. రోజుకు ఆరు వేళలు పెట్టుకుంటే పది రోజులకు సరిపోతాయి. ఆ తర్వాత మీరు యాప్ తెరవకపోతే నిశ్శబ్దం. వారానికోసారి, గురువారమో శుక్రవారం పొద్దునో, యాప్ తెరిచి మూయడం అలవాటు చేసుకోండి. నోటిఫికేషన్ శబ్దం 30 సెకన్లకు మించదు, సైలెంట్ స్విచ్ వేస్తే అదీ ఉండదు. 2025లో వచ్చిన ఐఓఎస్ 26తో బయటి యాప్‌లకూ సైలెంట్‌ను దాటి మోగే నిజమైన అలారం సౌకర్యం వచ్చింది. మీ యాప్ దాన్ని వాడుకుంటోందో లేదో అప్‌డేట్ వివరాల్లో చూడండి.

ప్రశ్న: శుక్రవారం దీపాల అలారం గురించి చెప్పండి. షబ్బాత్ పొద్దున కూడా బామ్మగారు తొందరగా లేవాలంటారు, కానీ ఫోన్ ముట్టుకోరు. మోగిందాన్ని ఎవరు ఆపాలి?

జవాబు: దీపాలు సూర్యాస్తమయానికి ముందే వెలిగించాలి. ఎంత ముందన్నది ఊరి ఆచారం: చాలా చోట్ల 18 నిమిషాలు, హైఫాలో 30, జెరూసలేంలో 40. చాలా యాప్‌లు 18తోనే వస్తాయి. జెరూసలేం ఇంట్లో ఆ అంకె మార్చకుండా వదిలేస్తే వీధిలో అందరి దీపాలూ వెలిగాక మీ అలారం మోగుతుంది. ముందు హెచ్చరిక ఒకటి గంట ముందు, ఇంకొకటి పావుగంట ముందు పెట్టండి. పొయ్యి, హాట్‌ప్లేట్, గీజర్, లైట్ల టైమర్ చూసుకోవడానికి ఆ గంట కావాలి.

పండుగల దగ్గర ఇంకో తిరకాసుంది. రోష్ హషానా ఇజ్రాయెల్‌లో కూడా రెండు రోజులు. రెండో రాత్రి దీపాలు చీకటి పడ్డాక, అప్పటికే ఉన్న మంట నుంచే వెలిగిస్తారు. ఆ సాయంత్రం కూడా అస్తమయానికి 40 నిమిషాల ముందే మోగే యాప్‌ను నమ్మకండి. అలాగే సెట్టింగ్స్‌లో 'ఇజ్రాయెల్‌లో ఉన్నాను' అన్నది ఆన్‌లో ఉండాలి. ఆఫ్‌లో ఉంటే పెసహ్, షవువోత్, సుక్కోత్‌లకు బయటి దేశాల్లో జరుపుకునే అదనపు రోజుకు కూడా మోగుతుంది.

ఇక షబ్బాత్ అలారం. ముందే పెట్టింది తనంతట తాను మోగి తనంతట తాను ఆగాలి. గడియారం విషయంలో 16వ శతాబ్దపు క్రాకోవ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్ రాసినదే ఈ చర్చకు మూలం: బరువులు కట్టిన గడియారాన్ని శుక్రవారమే సిద్ధం చేసి పెట్టవచ్చు, అది గంటలు కొట్టినా ఫరవాలేదు, ముందురోజే పెట్టారని అందరికీ తెలుసు కాబట్టి. ఫోన్‌కు దీన్ని ఎంతవరకు వర్తింపజేయాలన్నది బామ్మగారి కుటుంబం వాళ్ల రబ్బీని అడగాల్సిన మాట. ఒప్పుకుంటే చేయాల్సినవి ఇవి.

క్లాక్ యాప్ సెట్టింగ్స్‌లో 'ఎంతసేపటికి ఆగాలి' అన్నది 1 నిమిషానికి తగ్గించండి. చాలా ఫోన్లలో అది మొదట 10 నిమిషాలుంటుంది, షబ్బాత్ పొద్దున ఆపేవాడు లేని పది నిమిషాల మోత ఇల్లంతటికీ గుర్తుండిపోతుంది. స్నూజ్ తీసేయండి. ఆపకుండా వదిలేస్తే కొన్ని యాప్‌లు దాన్ని స్నూజ్‌గానే లెక్కేసుకుని అయిదు నిమిషాలకు మళ్లీ మొదలెడతాయి, ఈ ఒక్కటీ గురువారమే పరీక్షించి చూడండి. మిగతా కాల్స్, మెసేజ్‌లు రాకుండా 'డు నాట్ డిస్టర్బ్' పెట్టి అలారాలకు మాత్రం మినహాయింపు ఇవ్వండి. చార్జింగ్ నిండుగా ఉండాలి. ఫోన్‌ను దీపాలకు ముందే ఎక్కడ పెడతారో అక్కడే, షబ్బాత్ ముగిసేదాకా కదపకుండా ఉంచాలి. అది కదిలించకూడని వస్తువుల్లో చేరుతుంది.

మోగుతుంటే మిమ్మల్ని 'ఆపు' అని వాళ్లు నేరుగా అడగకపోవచ్చు. యూదులు కానివారితో ఆ పని చెప్పి చేయించుకోవడానికి కూడా నియమాలున్నాయి. జబ్బు మనుషుల విషయంలో సడలింపులూ ఉన్నాయి. ఈ ఇబ్బంది రాకుండా చాలా ఇళ్లలో పాటించే దారి ఒకటే: కేర్‌గివర్ తన ఫోన్‌లో, తన గదిలో, తనకోసం అలారం పెట్టుకుని లేస్తారు. ఆ తర్వాత బామ్మగారి గదికి వెళ్తారు. ఇదైనా కుటుంబంతో శుక్రవారానికి ముందే అనుకుని ఉండాలి.

షబ్బాత్ ముగింపు ఇంటింటికీ వేరు. సూర్యుడు 8.5 డిగ్రీలు కిందికి దిగాక అనేవాళ్లకు జెరూసలేంలో అది అస్తమయం తర్వాత 36 నుంచి 42 నిమిషాలకు వస్తుంది. రబేను తామ్ అనే రబ్బీ అభిప్రాయం పాటించేవాళ్లు 72 నిమిషాలు ఆగుతారు.

ప్రశ్న: బ్నేబ్రక్‌లో మా సారుది 'కోషెర్' ఫోన్. యాప్‌లు ఎక్కవు. నాకు కూడా ఇంట్లో స్మార్ట్‌ఫోన్ తేవద్దన్నారు.

జవాబు: అయితే గోడ మీది లువాహ్ చాలు. లువాహ్ అంటే అచ్చువేసిన వేళల పట్టిక, ఆ ఊరిదే అయి ఉండాలి. ఆదివారం పొద్దున ఆ వారం ఏడు రోజుల షెమా గడువులు చూసి, అందులో అన్నిటికంటే ముందు వచ్చేదానికి మామూలు అలారం ఒకటి పెట్టండి. సాయంత్రం చీకటి పడే వేళకు తిరగేసి, అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేదానికి. మార్చిలో సూర్యోదయం రోజుకు నిమిషానికి పైగా ముందుకొస్తుంది, వారానికి తొమ్మిది నిమిషాల దాకా. నెలకోసారి మారిస్తే చాలదు.

ప్రశ్న: మేం ఇద్దరు డెవలపర్లం, జ్మనీమ్ అలారం యాప్ రాస్తున్నాం. వేళలు లెక్కకట్టి రోజూ రిపీట్ అయ్యే అలారంగా పెడితే సరిపోతుందా? ఇంకేం చూసుకోవాలి?

జవాబు: 24 గంటల రిపీట్ అలారం ఈ పనికి పనికిరాదు. మొదటి రోజు సరిగ్గా ఉండి, మార్చి లాంటి నెలల్లో పది రోజులకే పన్నెండు నిమిషాల దాకా తప్పుతుంది. అలారంగా దాచాల్సింది నియమాన్ని: 'నెత్స్‌కు (సూర్యోదయానికి) 40 నిమిషాల ముందు, ఆదివారం నుంచి శుక్రవారం దాకా, షబ్బాత్, పండుగల్లో వద్దు'. 6:12 అన్న అంకె దాచడానికి కాదు, మోగించడానికి. ఒకటి మోగగానే తర్వాతిదాన్ని లెక్కించి పెట్టండి. రీస్టార్ట్ అయినప్పుడు, టైమ్‌జోన్ మారినప్పుడు, గడియారం మార్చినప్పుడు, ఊరు మార్చినప్పుడు అన్నిటినీ చెరిపి మళ్లీ లెక్కించండి.

ఖగోళ లెక్క సొంతంగా రాయకండి. కోషెర్‌జావా అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీ అమెరికా సంస్థ నోవా సూత్రాలతో సూర్యోదయాస్తమయాలు, వాటి మీద వివిధ రబ్బీల లెక్కల ప్రకారం జ్మనీమ్ అన్నీ ఇస్తుంది. సూర్యుడి పై అంచు కనిపించడం, గాలి కాంతిని వంచడం రెండూ కలిపి 90 డిగ్రీలకు 50 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) చేర్చి లెక్కిస్తుంది. లొకేషన్ ఇవ్వడం మరిచిపోతే దాని డిఫాల్ట్ గ్రీన్‌విచ్. జెరూసలేం టైమ్‌జోన్, గ్రీన్‌విచ్ రేఖాంశం కలిస్తే వేళలన్నీ తప్పుతాయి. లండన్ ప్రశ్నలో చెప్పిన ఖాళీ వేళ లైబ్రరీలో 'నల్'గా వస్తుంది. దాన్ని చూసుకోకపోతే జూన్‌లో లండన్ లాంటి ఉత్తర ప్రాంతాల వాడుకదారుల దగ్గర యాప్ కూలిపోతుంది.

సెకన్లను ఎటు కొట్టేస్తున్నారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. గడువులను కిందికి, మొదలయ్యే వేళలను పైకి సవరించాలి. షెమా గడువు 9:07:40 అయితే 9:07 చూపండి. షబ్బాత్ ముగింపు 20:29:20 అయితే 20:30. మామూలు ఫార్మాటర్ సెకన్లను కత్తిరించి 20:29 చూపిస్తుంది, అది పనికిరాదు.

ఆండ్రాయిడ్‌లో డోజ్ మధ్యలోనూ మోగే రెండు దారులున్నాయి. 'ఐడిల్‌లోనూ అనుమతించు' రకం ఎగ్జాక్ట్ అలారాలు ఒక యాప్‌కు 9 నిమిషాలకు ఒకటికి మించి మోగవు. అస్తమయానికి 5 నిమిషాల ముందు ఒకటి, అస్తమయానికి ఒకటి పెట్టుకున్న మనిషికి రెండోది ఆలస్యమవుతుంది. మనిషిని లేపాల్సినవన్నీ అలారం క్లాక్ దారిలోనే పెట్టండి.

ఇక తేదీ. హీబ్రూ రోజు అస్తమయంతో మారుతుంది, ఫోన్ రోజు అర్ధరాత్రి మారుతుంది. ఇది దెబ్బతీసేది ఓమెర్ లెక్క దగ్గర. పెసహ్ రెండో రాత్రి నుంచి 49 రాత్రులు, చీకటి పడ్డాక, దీవెన చదివి ఆ రాత్రి సంఖ్యను లెక్కించాలి. 20:15కి మోగిన అలారం ఫోన్ తేదీని చూసి నిన్నటి సంఖ్య చూపిస్తే, అది చూసి చదివినవాడు తప్పు సంఖ్య లెక్కించినట్టు. రాత్రి మరిచినవాళ్లు మర్నాడు పగలు దీవెన లేకుండా లెక్కించవచ్చు, ఒక రోజు పూర్తిగా తప్పితే ఇక మిగిలిన రాత్రులన్నీ దీవెన లేకుండానే. అందుకని ఓమెర్‌కు ఒక్క అలారం చాలదు. రాత్రిది 'లెక్కించాను' అని నొక్కేదాకా పోకూడదు, నొక్కకపోతే మర్నాడు మధ్యాహ్నం ఇంకొకటి రావాలి. శుక్రవారం రాత్రి మాత్రం నొక్కేవారు ఉండరు. ఆ రాత్రి నొక్కలేదు కాబట్టి మరిచారని యాప్ తేల్చేయకూడదు, షబ్బాత్ ముగిశాక అడగాలి.

ప్రశ్న: బామ్మగారి మందులను కూడా ఈ యాప్‌లోనే పెట్టేస్తే ఒకే చోట ఉంటాయి కదా? పొద్దున బిళ్ల సూర్యోదయానికి, రాత్రి బిళ్ల చీకటి పడ్డాక?

జవాబు: వద్దు. 12 గంటలకొకటి వేయాల్సిన మందును సూర్యుడికి కడితే జెరూసలేంలో జూన్‌లో 5:34కి, 20:30కి పడుతుంది. మధ్య 15 గంటలు. డిసెంబరులో 6:35కి, 17:19కి. మధ్య 11 గంటలు కూడా లేవు. మందులకు డాక్టరు చెప్పిన గడియారపు వేళలతో విడిగా, వేరే శబ్దంతో అలారం పెట్టండి. ఉపవాసం రోజు బిళ్ల ఎలా వేయాలన్నది కుటుంబం డాక్టరుతోనూ రబ్బీతోనూ ముందే మాట్లాడి మీకు కాగితం మీద రాసివ్వాలి. 17 తమ్ముజ్ షబ్బాత్ నాడు పడితే ఆదివారానికి జరుగుతుంది కాబట్టి ఆ కాగితం మీద హీబ్రూ తేదీతో పాటు ఏ వారమో కూడా రాయించుకోండి.